ఐదేళ్లకోసారి కొత్త రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్‌లో రెండు పార్టీల పోరు, మధ్యలో మనం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎన్నికలకు ముందు అందరూ అడిగేది ఒకటే: ఎవరు గెలుస్తారు? ఫలితాలు వచ్చాక మొదలయ్యే ప్రశ్నలు వేరు. నా కౌలు ఎందుకు ఆగింది, మా ఊరి రోడ్డు బిల్లు ఎవరిస్తారు, మా ఎమ్మెల్యే సభకు ఎందుకు వెళ్లడు... ఇక్కడున్నవి ఆ రెండో రకం ప్రశ్నలు. ఏ పార్టీ మంచిదో తేల్చే పని ఇక్కడ పెట్టుకోలేదు. దానికి టీ కొట్లు చాలానే ఉన్నాయి.

ఎన్నికల సంఘం జాబితాలో బోలెడు పార్టీలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌ది రెండు పార్టీల వ్యవస్థ అని ఎలా అంటారు?

జాబితా చూసి కాదు, సభలో కుర్చీలు లెక్కపెట్టి. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం స్థాపించి, మరుసటి జనవరిలో కాంగ్రెస్‌ను గద్దె దించిన నాటి నుంచి ఇక్కడ అసలు పోటీ ఇద్దరి మధ్యే. 2014 వరకు ఆ ఇద్దరూ తెలుగుదేశం, కాంగ్రెస్. విభజన కోపంలో కాంగ్రెస్ ఒక్క సీటూ లేకుండా తుడిచిపెట్టుకుపోయింది. ఖాళీ అయిన ఆ చోట వైఎస్సార్ కాంగ్రెస్ వచ్చి కూర్చుంది. 2019లో 175 సీట్లలో 174 ఈ రెండు పార్టీలవే. మిగిలిన ఒక్కటి రాజోలు, జనసేనది. 2024లో జనసేన, బీజేపీ తెలుగుదేశంతో కలిసి బరిలోకి దిగాయి కనుక పార్టీల పేర్లు నాలుగు వినిపించినా శిబిరాలు రెండే: కూటమికి 164, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 11.

మూడో పార్టీ ఎందుకు నిలబడదు?

నియోజకవర్గానికి ఒక్కరే గెలుస్తారు, ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు అనే పద్ధతి ఉన్నచోట పోటీ క్రమంగా రెండు పక్షాలకు కుదించుకుపోతుందని ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మారిస్ దువర్జే ఎప్పుడో చెప్పాడు. మన ఓటరుకు ఆయన పేరు తెలియకపోయినా సూత్రం బాగా తెలుసు. ‘ఓటు మురిగిపోతుంది’ అన్న మాటలో మొత్తం అదే ఉంది.

చిరంజీవి ప్రజారాజ్యం 2009లో ఉమ్మడి రాష్ట్రంలో నూటికి పదహారు ఓట్లకు పైగా తెచ్చుకుంది. అది చిన్న సంఖ్య కాదు. దక్కింది మాత్రం 294లో 18 సీట్లు. రెండేళ్లు తిరగకముందే పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 2019లో పవన్ కల్యాణ్ గాజువాక, భీమవరం రెండుచోట్లా ఓడిపోయారు. 2024లో అదే జనసేన తెలుగుదేశంతో పొత్తు పెట్టుకుని, పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది. మూడో దారి అని బయల్దేరినవారు చివరికి రెండింటిలో ఒక ఇంటి వరండాలో మంచం వేసుకోవాల్సిందే. ఇది వారి తెగువకు సంబంధించిన విషయం కాదు, లెక్కకు సంబంధించినది.

రెండు పార్టీలుంటే ఎంపిక సులభం కదా, ఇబ్బంది ఎక్కడ?

ఓట్లలో తేడా కొంచెం, సీట్లలో తేడా కొండంత. ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. 2019లో తెలుగుదేశానికి నూటికి 39 ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు కూడా నూటికి 39 చిల్లరే వచ్చాయి, సీట్లు 11. ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి ఒక్క నిమిషం చూడండి. రెండుసార్లూ ఓడిన పక్షానికి రాష్ట్రంలో ప్రతి అయిదుగురిలో ఇద్దరి మద్దతు ఉంది. 2024లో అది కోటీ ముప్పై లక్షలకు మించిన ఓట్లు. సభలో మాత్రం ఆ ఇద్దరి గొంతు వినపడనంత చిన్నది.

గెలిచినవారికి ఇది ‘మొత్తం రాష్ట్రం మావెంటే’ అన్న భ్రమ కలిగిస్తుంది. ఓడినవారికి ‘సభకు వెళ్లి ఏం లాభం’ అన్న నిస్పృహ మిగులుస్తుంది. ఈ పేజీలో మిగతా జబ్బులన్నీ ఈ రెండు మనస్తత్వాల నుంచే పుట్టుకొచ్చాయని నా అభిప్రాయం.

అమరావతిలో అసలు ఏం జరిగింది? వరుసగా చెప్పగలరా?

చెప్పాలంటే కొంచెం ఓపిక పట్టాలి.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. హైదరాబాద్ పదేళ్ల పాటు ఉమ్మడి రాజధాని అన్నారు. కొత్త రాజధాని కోసం తెలుగుదేశం ప్రభుత్వం కృష్ణా ఒడ్డున 29 గ్రామాలను ఎంచుకుని, భూసేకరణ బదులు భూసమీకరణ పద్ధతి తెచ్చింది. రైతు భూమి ఇస్తాడు. డబ్బుకు బదులు అభివృద్ధి చేసిన స్థలం తిరిగి పొందుతాడు. మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబుకు, అంటే ఏటి పక్కన నీటి వసతి ఉన్న భూమికి, వాణిజ్య స్థలం 450 గజాలు. అంతవరకు పదేళ్ల పాటు ఏటా కౌలు: మొదటి ఏడాది మెట్టకు 30 వేలు, జరీబుకు 50 వేలు, తర్వాత ఏడాదికింత పెంపు. భూమిలేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 పింఛను. ఇలా 33 వేల ఎకరాలకు పైగా సమకూరింది. ఇచ్చినవారిలో ఎక్కువమంది చిన్న రైతులే. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు.

2019లో ప్రభుత్వం మారింది. జూన్ నెలాఖరులోనే, తెలుగుదేశం ప్రభుత్వం కట్టిన ప్రజావేదిక సమావేశ భవనాన్ని కొత్త ప్రభుత్వం కూల్చింది. అది అక్రమ కట్టడమని ప్రభుత్వం, కక్ష అని ప్రతిపక్షం. డిసెంబరు 17న ముఖ్యమంత్రి జగన్ సభలో మూడు రాజధానుల ఆలోచన బయటపెట్టారు: విశాఖలో పరిపాలన, అమరావతిలో శాసనసభ, కర్నూలులో న్యాయస్థానం. 2020లో చట్టాలు వచ్చాయి. 2021 నవంబరులో వాటిని వెనక్కి తీసుకున్నారు, మళ్లీ మెరుగైన బిల్లు తెస్తామన్నారు. 2022 మార్చి 3న హైకోర్టు, రైతులకు ఇచ్చిన మాట ప్రకారం అమరావతిని అభివృద్ధి చేయాల్సిందేనని తీర్పిచ్చింది. ఆ తీర్పులోని గడువులపై నవంబరులో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఈలోగా 2021లో రైతులు తుళ్లూరు నుంచి తిరుపతికి నడిచారు. మరుసటి ఏడాది అరసవల్లికి బయల్దేరారు. 2024లో ప్రభుత్వం మళ్లీ మారింది. 2025 మే 2న మోదీయే మళ్లీ వచ్చి పనులను పునఃప్రారంభించారు. ఒకే రాజధాని, ఒకే ప్రధాని, మధ్యలో పదేళ్లు.

ఇప్పుడు ఆ 2015 నాటి రైతు స్థానంలో నిలబడి చూడండి. ఆయన సంతకం పెట్టింది రాష్ట్ర ప్రభుత్వంతో. కాగితం మీద ఉన్నది ప్రభుత్వ సంస్థ ముద్ర. ఏ పార్టీ గుర్తూ దాని మీద లేదు. రాష్ట్రం మాట ఇచ్చిందనుకున్నాడు. ఇచ్చింది పార్టీ అని అయిదేళ్ల తర్వాత తెలిసింది. రాజధాని ఎక్కడుండాలి అన్నదానిపై ఎవరి వాదన ఎంత సబబైనా, ఈ ఒక్క మోసం ముందు అది చిన్నదే.

అయితే నష్టపోయింది అమరావతి రైతులేనా?

కాదు, ఇది చాలామంది మరిచిపోయే సంగతి. 2023 మేలో అప్పటి ప్రభుత్వం రాజధాని ప్రాంతంలోనే సుమారు 50 వేల మంది పేద మహిళలకు ఇళ్ల పట్టాలిచ్చింది. మాస్టర్ ప్లానుకు విరుద్ధమంటూ రైతులు కోర్టుకు వెళ్లారు. ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణాన్ని ఆపింది. పట్టా చేతిలో ఉంది, ఇల్లు లేదు. ఆ మహిళలెవరూ రాజధాని రాజకీయం చేయడానికి రాలేదు. సెంటు స్థలం ఇస్తామంటే వచ్చారు.

కర్నూలు సంగతీ అంతే. 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి అది రాజధాని. కోస్తా, సీమ నాయకుల మధ్య 1937లో కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక పేరు చెప్పి హైకోర్టు ఆశ పెట్టారు. అది రాలేదు. 2024 నవంబరులో హైకోర్టు బెంచి కోసం కొత్త ప్రభుత్వం సభలో తీర్మానం చేసింది. సీమవాసులు తీర్మానాలను చూడటం ఇది మొదటిసారి కాదు. విశాఖలో రుషికొండ మీద వందల కోట్లు పోసి కట్టిన భవనాలు ప్రభుత్వం మారాక ఎందుకు పనికొస్తాయో తేలక ఖాళీగా నిలబడ్డాయి.

పథకం పేరు మారితే సామాన్యుడికి వచ్చే నష్టం ఏమిటి? డబ్బు వస్తే చాలు కదా?

చాలు అనే నేనూ అనుకునేవాణ్ణి. మా బీరువా సర్దుతుంటే ఒకే ఆస్పత్రి పథకానికి రకరకాల పేర్లతో కార్డులు బయటపడేదాకా. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ, విభజన తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. రోగి వేలిముద్ర మాత్రం ఒకటే.

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయానిది ఇంకా విడ్డూరం. 1998 నుంచి ఎన్టీఆర్ పేరుతో ఉన్నదాన్ని 2022లో వైఎస్సార్ పేరుకు మార్చారు. 2024లో తిరిగి ఎన్టీఆర్ అయింది. ఆ మధ్య కాలంలో పట్టా పుచ్చుకున్న డాక్టరు, విదేశంలో ఎవరైనా ‘ఈ విశ్వవిద్యాలయం ఎక్కడుంది’ అని అడిగితే, ముందుగా ఆంధ్రప్రదేశ్ రాజకీయాల మీద చిన్న ఉపన్యాసం ఇవ్వాలి.

పొలం పుస్తకం సంగతి మరీ సున్నితం. తాతల నాటి భూమికి ఇచ్చే హక్కు పత్రం మీద ముఖ్యమంత్రి బొమ్మ ఎందుకని 2024 ఎన్నికల్లో ఊరూరా చర్చ జరిగింది. గత ప్రభుత్వం తెచ్చిన భూహక్కు చట్టాన్ని కొత్త ప్రభుత్వం వచ్చిన రెండు నెలల్లోపే రద్దు చేసింది. రాజముద్రతో కొత్త పాసు పుస్తకాలిస్తామంది. పేరు మార్పు ఖర్చు ముద్రణ ఖర్చుతో అయిపోదు. ‘ఇది రాష్ట్రం నాకిచ్చిన హక్కు’ అన్న నమ్మకం పోయి ‘ఇది ఫలానా ఆయన నాకిచ్చింది’ అన్న బెరుకు మిగులుతుంది. ఆ బెరుకే పార్టీలకు కావాల్సింది.

పంచాయతీ భవనాలకు పార్టీ రంగులు వేయడం చట్టబద్ధమేనా?

కాదు. 2020లో హైకోర్టు ఆ రంగులు తీసేయమంది. ప్రభుత్వం ఇంకో జీవోతో ప్రయత్నించింది, అదీ కొట్టివేశారు. సుప్రీంకోర్టులోనూ ఊరట దక్కలేదు. వేసిన సున్నం ఖర్చు, తీసిన సున్నం ఖర్చు రెండూ మనవే.

2024 ఏప్రిల్‌లో పింఛను కోసం ముసలివాళ్లు ఎండలో నిలబడ్డారు. తప్పెవరిది?

2019 తర్వాత యాభై ఇళ్లకు ఒకరు చొప్పున సుమారు 2.6 లక్షల మంది వాలంటీర్లను నెలకు 5 వేల గౌరవ వేతనంతో పెట్టారు. నెల మొదటి తేదీన గుమ్మం దగ్గరికే పింఛను వచ్చేది. ముసలివాళ్లకు ఇది నిజంగా పెద్ద సౌకర్యం, కాదనడం అన్యాయం. అదే సమయంలో వాలంటీర్లు పార్టీ పని చేస్తున్నారన్న ఫిర్యాదులూ వచ్చాయి. ఎన్నికల వేళ, మార్చి 30న, ఎన్నికల సంఘం వాళ్లను పంపిణీకి దూరంగా ఉంచమంది. ఏప్రిల్‌లో వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాలకు, మేలో బ్యాంకులకు వెళ్లాల్సి వచ్చింది. ఫిర్యాదు చేయించింది మీరేనని ఒకరు, సిబ్బంది ఉండగా ఇంటికి ఎందుకు పంపలేదని మరొకరు. మంచానికి అతుక్కున్న మనిషికి ఈ వాదనలో ఏ సగమూ ఉపయోగపడలేదు.

తర్వాతి కథ: జులై 1న కొత్త ప్రభుత్వం, పెంచిన నాలుగు వేలూ మూడు నెలల బకాయీ కలిపి ఏడు వేలు, సచివాలయ ఉద్యోగుల చేత ఇళ్ల దగ్గరే ఇప్పించింది. అంటే వాలంటీర్లు లేకుండా కూడా ఆ పని జరుగుతుందని తేలింది. వాలంటీర్లకు పది వేలు ఇస్తామన్న ఎన్నికల హామీ మాత్రం నీటిమూట అయింది. వాళ్లను కొనసాగించనే లేదు. రెండున్నర లక్షల మంది యువతీయువకులు ఒక పార్టీ సైనికులుగా ముద్రపడి ఇంకో పార్టీ రాజ్యంలో నిరుద్యోగులయ్యారు.

ప్రభుత్వం మారితే పాత పనుల బిల్లులు ఆపేస్తారా? అలా ఆపొచ్చా?

ఆపకూడదు. ఆపుతారు. 2019కి ముందు ఊళ్లలో ఉపాధి హామీ నిధులతో సిమెంటు రోడ్లు, కాలువలు కట్టించినవారి బిల్లులు ప్రభుత్వం మారాక ఆగిపోయాయి. విచారణ జరుగుతోందన్నారు. వందలాది పిటిషన్లు పడ్డాయి. 2021లో హైకోర్టు వడ్డీతో సహా చెల్లించమంది. ఆ పనులు చేసినవారిలో పెద్ద కంపెనీలు లేవు. అప్పు తెచ్చి పని చేసిన మాజీ సర్పంచులు, ఊరి మేస్త్రీలు ఉన్నారు. రోడ్డు మీద రెండు పార్టీలవాళ్లూ నడుస్తూనే ఉన్నారు.

కరెంటు ఒప్పందాలదీ ఇదే వరస, స్థాయి పెద్దది. పవన, సౌర విద్యుత్తు ధరలు ఎక్కువన్న కారణంతో 2019 జులైలో వాటిని సమీక్షించేందుకు కమిటీ వేశారు. కేంద్ర విద్యుత్ శాఖ మంత్రే అభ్యంతరం చెప్పారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందంలో రాసిన ధరే చెల్లించాలంది. ధరలు నిజంగానే ఎక్కువై ఉండొచ్చు, ఆ చర్చ అవసరమే. కానీ ఒప్పందం మీద అయిదేళ్లకు మించి భరోసా లేదని తెలిసిన వ్యాపారి తర్వాతిసారి ఆ భయాన్ని కూడా ధరలో కలిపి అడుగుతాడు.

ఇవన్నీ 2019 నాటివే. 2024 తర్వాత ఇలాంటివి లేవా?

ఉన్నాయి. జూన్‌లోనే తాడేపల్లిలో కడుతున్న వైఎస్సార్ కాంగ్రెస్ కార్యాలయ భవనం కూలింది. ఈసారి అక్రమ కట్టడమని చెప్పింది వీళ్లు, కక్ష అన్నది వాళ్లు. ప్రజావేదిక నాటి సంభాషణనే పాత్రలు మార్చి చదివినట్టుంది.

దానికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది వైద్య కళాశాలల విషయం. గత ప్రభుత్వం 17 కొత్త కళాశాలలు మొదలుపెట్టింది, కొన్ని తెరిచింది, కొన్ని పునాదుల్లో వదిలింది. 2024లో పులివెందులకు 50 ఎంబీబీఎస్ సీట్లకు అనుమతి వస్తే, వసతులు లేవంటూ రాష్ట్ర ప్రభుత్వమే వద్దని రాసింది. తర్వాత పది కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిస్తామంది. ప్రతిపక్షం కోటి సంతకాల ఉద్యమం చేపట్టింది. డబ్బు లేకుండా 17 ఎలా మొదలుపెట్టారన్నది న్యాయమైన ప్రశ్న. దొరికిన సీట్లను ఎలా వదులుకున్నారన్నదీ అంతే న్యాయమైనది. ఒకే గదిలో కూర్చుని ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాల్సిన స్థలం శాసనసభ. అందులో ఒక వైపు బల్లలు ఖాళీగా ఉన్నాయి.

ప్రతిపక్షం సభకు ఎందుకు వెళ్లదు?

ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది. 2014 తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 67 మందిలో 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు మంత్రులయ్యారు. దానికి నిరసనగా 2017 నవంబరు నుంచి వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. 2021 నవంబరు 19న చంద్రబాబు, తన కుటుంబాన్ని అవమానించారంటూ, ముఖ్యమంత్రిగానే మళ్లీ ఈ సభలో అడుగుపెడతానని వెళ్లిపోయారు. పార్టీ సభ్యులు మాత్రం వెళ్తూ వచ్చారు. 2024 తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష నేత హోదా ఇస్తేనే వస్తామంది. సభలో పదో వంతు, అంటే 18 మంది ఉంటేనే హోదా అన్నది స్పీకర్ వైఖరి; చట్టంలో ఆ సంఖ్య లేదని పార్టీ వాదన. వ్యవహారం హైకోర్టు మెట్లెక్కింది.

కారణాల్లో బలమైనవి ఉన్నాయి, బలహీనమైనవీ ఉన్నాయి. ఓటరు వైపు నుంచి చూస్తే ఒకటే ఫలితం: బడ్జెట్ మీద అడగాల్సినవాడు అడగలేదు. తాగునీటి పైపు గురించి, ఆస్పత్రి మందుల గురించి ఆ నియోజకవర్గం తరఫున ఎవరూ నోరు విప్పలేదు. ఎమ్మెల్యే అలక, ఊరికి శిక్ష.

ఫిరాయింపులకు చట్టం ఉంది కదా?

1985 నుంచి ఉంది. తీర్పు చెప్పాల్సింది స్పీకర్. స్పీకర్ అధికార పక్షం మనిషి. ఆ 23 మంది మీద సభ గడువు ముగిసేదాకా నిర్ణయం రాలేదు. 2019లో వచ్చిన సభలో అటు నలుగురు, ఇటు నలుగురు, మొత్తం ఎనిమిది మందిని 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల గుమ్మంలో, అనర్హులుగా ప్రకటించారు. తెలంగాణలో బీఆర్‌ఎస్ నుంచి కాంగ్రెస్‌లోకి వెళ్లిన పదిమంది విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకునే పద్ధతి మారనంతవరకు ఇంతే.

శాసన మండలి ఉందా, లేదా? ఎప్పటికప్పుడు గందరగోళంగా ఉంటుంది.

ఉంది. 1985లో ఎన్టీఆర్ హయాంలో పోయింది, 2007లో వైఎస్ హయాంలో వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులకు అడ్డుపడిందని రద్దు తీర్మానం చేశారు. 2021 నవంబరులో, అధికార పార్టీకి మండలిలో బలం పెరిగాక, ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. మండలి కావాలా వద్దా అన్నదానిపై మన పార్టీలకు సిద్ధాంతం లేదు, లెక్క ఉంది.

ఏ పార్టీతోనూ సంబంధం లేనివాళ్లకూ కేసుల భయం ఉంటుందా?

నాయకుల అరెస్టులు అందరికీ తెలుసు. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు అరెస్టయి యాభై రోజులకు పైగా రాజమహేంద్రవరం జైల్లో ఉన్నారు. 2025లో మద్యం కేసులో వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీ మిథున్‌రెడ్డి సహా పలువురు అరెస్టయ్యారు. దోషం ఎవరిదో కోర్టులు తేల్చాలి. మనం తేల్చే పని కాదు. నాయకుడికి మాత్రం పెద్ద వకీళ్లుంటారు, బయటికొస్తే ఊరేగింపు ఉంటుంది. ఫోనులో ఒక పోస్టు పెట్టినందుకు స్టేషన్‌కు వెళ్లిన చిన్న ఉద్యోగికో, కుర్రవాడికో ఇవేవీ ఉండవు. రెండు ప్రభుత్వాల కాలంలోనూ అలాంటివారు ఉన్నారు.

వార్తలు ఎవరివి నమ్మాలి?

రోజూ ఈనాడు, సాక్షి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే రెండు వేర్వేరు రాష్ట్రాలు కనిపిస్తాయి. సాక్షి 2008లో జగన్ స్థాపించిన పత్రిక; ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశానికి దగ్గర అన్నది జనాభిప్రాయం. జగన్ పార్టీని ‘వైకాపా’ అన్నారా, ‘వైఎస్సార్‌సీపీ’ అన్నారా చూస్తే చాలు, ఏ పత్రిక చదువుతున్నారో చెప్పవచ్చు. వాలంటీర్లకు పత్రిక కొనడానికి నెలకు 200 ఇచ్చిన జీవోపై ఈనాడు యాజమాన్యం కోర్టుకు వెళ్లింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే కొన్ని వార్తా ఛానళ్లు కేబుల్‌లో కనిపించకుండా పోయాయి. నేను చేసే పని ఒకటే: విమర్శ కోసం ప్రతిపక్ష పత్రిక, జీవో నంబరు కోసం ప్రభుత్వ వెబ్‌సైటు.

పోటీ వల్ల మేలేమీ లేదా?

ఉంది, దాన్ని దాచడం అబద్ధమే అవుతుంది. వృద్ధాప్య పింఛను విభజన నాటికి 200 రూపాయలు. తెలుగుదేశం వెయ్యి చేసింది, ఎన్నికలు దగ్గరపడ్డాక 2019 జనవరిలో రెండు వేలు చేసింది. వైఎస్సార్ కాంగ్రెస్ 2,250తో మొదలుపెట్టి 2024 జనవరికి మూడు వేలకు తెచ్చింది. కూటమి నాలుగు వేలు చేసింది. ఒకే పార్టీ ముప్పై ఏళ్లు ఏలి ఉంటే పదేళ్లలో ఇరవై రెట్లు పెరిగేదని నేననుకోను. ఓడిపోతామన్న భయం నాయకుడికి మంచిదే.

తిరకాసు ఏమిటంటే, పోటీ కంటికి కనిపించే నగదు మీదే జరుగుతుంది. పోలవరం ప్రాజెక్టు మీద జరగదు. అక్కడ ఆనకట్ట అడుగున నీరు ఊరకుండా కట్టిన డయాఫ్రమ్ గోడ వరదలకు దెబ్బతింటే నేరం మీదంటే మీదని ఏళ్లు గడిపారు. కొత్త గోడ పని 2025 జనవరిలో మొదలైంది.

ఇద్దరే పోటీపడే ఇతర రాష్ట్రాల్లోనూ ఇంతే కదా?

తమిళనాడునే చూడండి. 2010లో కరుణానిధి చెన్నైలో కొత్త సచివాలయం కట్టించి, ప్రధాని మన్మోహన్ సింగ్ చేత ప్రారంభింపజేశారు. 2011లో జయలలిత గెలిచి సెయింట్ జార్జి కోటలోని పాత సచివాలయానికే వెళ్లిపోయారు. కొత్త భవనాన్ని ఆస్పత్రి చేశారు. కక్షే, కానీ దాన్ని కూల్చలేదు, రోగులకైనా పనికొచ్చింది. 2013లో జయలలిత పెట్టిన అమ్మ ఉణవగాలు (చౌక భోజనశాలలు) 2021లో డీఎంకే వచ్చాకా నడిచాయి. గెలిచిన ఉత్సాహంలో ఆ పార్టీవాళ్లు కొందరు ఒకచోట బోర్డు పీకేస్తే, స్టాలిన్ దాన్ని తిరిగి పెట్టించి వాళ్లపై చర్య తీసుకున్నారు.

ఇక మన అన్న క్యాంటీన్లు: 2018 జులైలో మొదలయ్యాయి, అయిదు రూపాయలకు భోజనం. 2019లో మూతపడ్డాయి. 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తెరిచారు. మధ్యలో అయిదేళ్లు కూలీలు, ఆటో డ్రైవర్లు ఎక్కడ తిన్నారో ఎవరూ అడగలేదు. పార్టీలు అక్కడా రెండే, ఇక్కడా రెండే. కూడు జోలికి వెళ్లకూడదన్న ఇంగితం అక్కడ మిగిలింది.

తెలంగాణలో ప్రస్తుతానికి పోటీ మూడు వైపులా ఉంది. అక్కడా భూరికార్డుల వ్యవస్థ ధరణి పోయి భూభారతి వచ్చింది, కాబట్టి ఆ జబ్బు వాళ్లకు రాదని హామీ ఇవ్వలేను.

అమెరికాలోనో, హైదరాబాద్‌లోనో ఉంటున్నాం. మాకు దీనితో పనేమిటి?

2024 మే 13 పోలింగుకు ముందు విజయవాడ రహదారి మీద కిలోమీటర్ల కొద్దీ కార్లు నిలిచిపోయాయి. విమానాలెక్కి వచ్చినవారూ ఉన్నారు. రాష్ట్రంలో పోలింగు 80 శాతం దాటింది. అంటే పని ఉందనే మీరే చెప్పారు. ఒక్క మనవి: పండక్కి ఇంటికొచ్చినప్పుడు అన్నదమ్ములు పార్టీల పేరుతో మాట్లాడుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. నాయకులు పెళ్లిళ్లలో కలుసుకుంటూనే ఉంటారు.

కోర్టులు సరిచేయలేవా?

చాలాసార్లు చేశాయి, పైన చూశారు. కానీ బిల్లులకు రెండేళ్లు, రాజధానికి అంతకంటే ఎక్కువ పట్టింది. తీర్పు వచ్చేసరికి ప్రభుత్వం గడువే దగ్గరపడుతుంది.

మరి మార్చగలిగినవి ఏవి?

పెద్ద మార్పు ఎన్నికల పద్ధతిలోనే. న్యూజిలాండ్ కూడా మనలాగే రెండు పార్టీల మధ్య ఊగి విసిగి, 1993లో ప్రజాభిప్రాయం తీసుకుని, 1996 నుంచి ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు వచ్చే పద్ధతికి మారింది. మన లా కమిషన్ కూడా 1999లో, తన 170వ నివేదికలో, అదనంగా పాతిక శాతం సీట్లను పార్టీలకు ఓట్ల నిష్పత్తిలో ఇవ్వమని సూచించింది. ఆ నివేదిక అటకెక్కింది. ప్రస్తుత పద్ధతిలో 2019లో 151 సీట్లు, 2024లో 164 చూసినవాళ్లు దాన్ని దించుతారని నేను ఎదురుచూడను.

చిన్నవాటిలో నాకు ఆశ ఎక్కువ. ప్రభుత్వ పత్రం మీద రాజముద్ర తప్ప బొమ్మ ఉండకూడదన్న నిబంధన. పూర్తయి, కొలతలు నమోదైన పనికి ఫలానా రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ దానంతటదే పడే ఏర్పాటు. ఫిరాయింపుల తీర్పు స్పీకర్ చేతుల్లోంచి తీసేయడం. వీటికి రాజకీయ త్యాగం పెద్దగా అవసరం లేదు. ఓడిపోయే రోజు తమకూ వస్తుందన్న జ్ఞాపకం ఉంటే చాలు. ఇద్దరికీ ఆ రోజు వచ్చింది కూడా.

నా పాసు పుస్తకం మీద పాత ముఖ్యమంత్రి బొమ్మ ఉంది. భూమి మీద హక్కు పోతుందా?

పోదు. హక్కు ఉండేది రికార్డులో, అట్ట మీద కాదు. మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం భూరికార్డులైన 1బి, అడంగల్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో మీభూమి పోర్టల్‌లో చూసుకుని ఒక ప్రతి తీసి పెట్టుకోండి. తప్పుంటే ఇప్పుడే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కొత్త పుస్తకం ఇచ్చినప్పుడు తీసుకోండి, పాతది మాత్రం పారేయకండి.